కాయ నిలబడిన చోటు

కనిగిరి కోర్టు వెనక, జిరాక్సు కొట్టుకీ
సోడా బండికీ మధ్య నా బల్ల.
ముప్ఫై ఏళ్లుగా దమయంతి ప్లీడరు గారి గుమాస్తాని.
ఊళ్ల కష్టాన్ని పేరాలుగా విడగొట్టి
ఒక్కోదానికీ ఓ నంబరు వేయడం నా పని.

ఢిల్లీ తీర్పు వచ్చిన రోజు, నలభై మూడు పేజీలు,
నల్లగుట్టపాలెం మాలకొండమ్మ బస్సు దిగి
వంగిన మోకాళ్లను బతిమాలుకుంటూ వచ్చి
బెంచీ మీద కూలబడింది.
"నీళ్లు అని యాడుందో చూపించు నాయనా."
చదువు రాదు. వేలు మాత్రం చాపి పెట్టుకుంది.

రాజ్యాంగం తెరిచాను. ఇరవై ఒకటో అధికరణం.
ఒకే ఒక్క వాక్యం. అందులో నీళ్లు లేవు.
చట్టం చెప్పిన దారిన తప్ప
ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనీ తీయకూడదని ఉంది. అంతే.
మా పామూరు రోడ్డు చేలల్లే ఎండిన వాక్యం.

మరి జడ్జీలకు తడి ఎట్లా తగిలింది?

చెప్పబోతే మస్తాన్‌వలి గుర్తొచ్చాడు,
అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని
చెప్పుల్లేకుండా చేనంతా తిరిగేవాడు.
ఒకచోట కాయ లేచి నిలబడేది.
"ఇక్కడ" అని మడమతో గీత గీసేవాడు.
ఆ నీళ్లు అతను పోసినవి కావు.
అతను పుట్టకముందే అక్కడున్నాయి.

వాళ్లూ అంతేనమ్మా,
ప్రాణం అనే మాట మీద
పాత తీర్పుల గట్లు దాటుకుంటూ
అటూ ఇటూ నడిచారు.
ఇరవై తొమ్మిదో పేరాలో కాయ నిలబడింది.
ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాను.

వేలు తీయకుండానే అంది:
"పొయ్యే పానానికి గొంతులో నీళ్లు పోస్తాం గదయ్యా.
పానమంటే నీళ్లని మా ఇంట్లో పిల్లకాయకీ తెలుసు.
దీనికి పదకొండేళ్లా?"

నేనేం చెప్పను?
ఆ పదకొండేళ్లలో ప్రతి వాయిదాకీ
నా చేతిఖర్చులు నేను తీసుకున్నవాణ్ణే.
మస్తాన్‌వలి చూపిన నాలుగు బోర్లలో
మూడింట దుమ్మే లేచిందని కూడా
ఆమెకు చెప్పలేదు.

ఆరు వారాల్లో మంచినీళ్లు, అని ఉత్తర్వు.
ఐదో వారం రేకుల షెడ్డు లేచింది.
నీలం ట్యాంకు, రిబ్బను, ఫొటో.
ఫొటోలో మాలకొండమ్మ, చేతిలో స్టీలు గ్లాసు.
ఎనిమిదో వారానికి ఫిల్టరు పూడుకుపోయింది.
కరెంటు బిల్లు ఎవరిదో తేలక షెడ్డుకు తాళం పడింది.
ఢిల్లీకి మాత్రం అఫిడవిట్టు వెళ్లింది:
"ఉత్తర్వులు అమలైనవి. ఫొటో జతపరచడమైనది."

అంత పెద్ద కోర్టుకు పార లేదు, రిగ్గు లేదు,
ఉన్నదల్లా మాట.
ఢిల్లీలో నిండుగా ముంచిన ఆ బిందె
అమరావతిలో చేయి మారి, ఒంగోల్లో చేయి మారి
మా మండలాఫీసు మెట్లెక్కేసరికి
ఎంత తొణికిందో ఎవరూ కొలవరు.
అయినా ఆ బిందె బయల్దేరకపోతే
మా ఊరి పేరు ఎవరి నోట్లోనూ పడేది కాదు.
ఇదీ నిజమే. రెండూ నిజమే.

నిన్న మళ్లీ వచ్చింది.
ఈసారి కొంగు చాటున కూల్‌డ్రింకు సీసా,
అందులో వాళ్ల బోరు నీళ్లు.
ఎంత తేటగా ఉన్నాయని!
"ఇంకో కాయితం రాయి. దీన్ని దానికి కుట్టు."
సీసాని ఎట్లా కుడతానమ్మా?
"పోనీ, మా మనవడి పళ్లు చూపిస్తే ఒప్పుకుంటారా?"

కోర్టు ధిక్కార పిటిషను టైపు చేస్తున్నాను.
గాలికి ఎగరకుండా తీర్పు మీద
ఆమే ఆ సీసా పెట్టింది.
మూత వదులు. పేజీ అంచు తడుస్తోంది.
తుడవబోయి ఆగాను.
ఆరనీ. తెల్లటి మరక మిగులుతుంది.
దానికీ ఓ నంబరు వేస్తాను.